జెండా మోసిన డాక్టరు

ప్రతి ఏడూ మన సంచికలో మిత్రులు యుద్ధాల గురించీ, పరమవీరచక్ర వీరుల గురించీ బాగా రాస్తున్నారు. ఈసారి నేను ఒక ఫుట్‌బాల్ ఆటగాడి గురించి రాస్తానంటే సంపాదకులు కాస్త ఆశ్చర్యపోయారు. "ఆయన ఫౌజీయేనా సుబేదార్ సాబ్?" అని అడిగారు. కాదండీ, ఆయన ఏనాడూ యూనిఫారం వెయ్యలేదు. అయినా ఆయన సంగతి మనవాళ్ళకే ముందు తెలియాలని నా అభిప్రాయం. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ముందు ఈ మాట ఎలా వచ్చిందో చెప్తాను. రిటైరయ్యాక నేను సూరత్‌లో స్థిరపడ్డాను. రింగ్ రోడ్డులో ఒక బట్టల మార్కెట్లో సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఉద్యోగం. ఉండేది లింబాయత్ వైపు. ఆ ప్రాంతం సంగతి మీలో చాలామందికి తెలుసు. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి మగ్గం పని మీద వచ్చిన పద్మశాలి కుటుంబాలు రెండు మూడు తరాలుగా ఇక్కడే ఉన్నాయి. ఆదివారం పొద్దున్న ఆ పిల్లల్ని పోగుచేసి ఫుట్‌బాల్ ఆడించడం నాకు అలవాటైంది. ఒకరోజు ఒక పిల్లాడు గ్రౌండు బయటే కూర్చున్నాడు. ఎందుకురా అంటే, "నాకు బూట్లు లెవ్వంకుల్, నేనాడ" అన్నాడు. తల ఎత్తకుండా.

వాడి పక్కన కూర్చుని, "ఒరేయ్, స్వతంత్రం వచ్చాక మన దేశం మొట్టమొదటి ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ ఆడినప్పుడు మన జట్టులో ఎక్కువమంది కాళ్ళకి బూట్లు లేవు, తెలుసా?" అన్నాను. వాడు నమ్మలేదు. "మరి కెప్టెన్ ఎవరంకుల్?" అన్నాడు. నేను పేరు చెప్పాను. ఆ పేరు వాడు వినలేదు. నిజానికి నేనూ ఆ పేరు ముప్ఫయ్యేళ్ళు దాటేదాకా వినలేదు. నేను విన్న తీరు మాత్రం మర్చిపోలేనిది.

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌ని. మాది శ్రీకాకుళం జిల్లా. ఇంటర్ పాసై 1986లో భర్తీ అయ్యాను. లక్నోలో ట్రైనింగు. 1997, 98 సంవత్సరాల్లో ఒక ఇన్‌ఫెంట్రీ బెటాలియన్‌తో పాటు నాగాలాండ్‌లో ఉన్నాను. 1997 ఆగస్టు 1 నుంచి కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. అయినా మనసుల్లో విరమణ అంత తొందరగా వస్తుందా? రోడ్ ఓపెనింగ్ పార్టీలు అలాగే నడిచేవి. ఊళ్ళోకి వెళితే తలుపులు చప్పుడు లేకుండా మూసుకునేవి.

ఒకసారి మొకొక్‌చుంగ్ జిల్లాలో ఒక కొండ మీది ఊళ్ళో మెడికల్ క్యాంపు పెట్టాం. అక్కడ ఊళ్ళన్నీ కొండ శిఖరం మీదే ఉంటాయి. చర్చి ఉన్నంత ఎత్తులోనే ఒక ఫుట్‌బాల్ గ్రౌండు కూడా ఉంటుంది. బంతి గట్టిగా తంతే లోయలోకి పోతుంది. ఎర్ర శాలువా కప్పుకున్న ముసలాయన, ఊరి గావ్‌బుఢా, అంటే మన గ్రామ పెద్ద లాంటివాడు, బీపీ చూపించుకోవడానికి వచ్చాడు. నేను పట్టీ చుడుతుంటే వచ్చీరాని హిందీలో అడిగాడు. "బాబూ, మీరంతా జెండా మోసుకుని మా కొండలకి వచ్చారు. ఆ జెండాని లండన్‌లో మొట్టమొదట మోసింది మా వాడే. నీకు తెలుసా?"

ఏదో కోపం మీద అంటున్నాడనుకున్నాను. తల ఊపి ఊరుకున్నాను. సాయంత్రం మా ఆర్.ఎం.ఓ. కెప్టెన్ సాబ్‌తో ఈ మాట చెబితే ఆయన నా వైపు వింతగా చూసి, "ముసలాయన చెప్పింది అక్షరాలా నిజం. టి. ఆవ్. మనలాగే మందుల మనిషి, డాక్టరు" అన్నారు. నాకు సిగ్గేసింది. ఆ కొండల్లో ప్రతి మలుపూ మ్యాపులో గుర్తుపట్టేవాణ్ణి. ఆ మనుషుల గురించి మాత్రం అక్షరం ముక్క తెలియదు.

ఇక ఆ మనిషి చరిత్ర.

పూర్తి పేరు తాలిమెరెన్ ఆవ్. ఆవ్ అనేది నాగాల్లో ఒక తెగ పేరు. 1918 జనవరి 28న చాంగ్‌కీ అనే ఊళ్ళో పుట్టారు. అప్పుడు నాగాలాండ్ రాష్ట్రం లేదు. అది అస్సాంలో నాగా కొండల జిల్లా. తండ్రి చర్చి పాస్టరు. పన్నెండు మంది పిల్లల పెద్ద సంసారం. 1935లో తండ్రి టైఫాయిడ్‌తో చనిపోయారు. అప్పటికి ఈయనకి 17 ఏళ్ళు. నువ్వు డాక్టరువై మన జనానికి సేవ చెయ్యాలని తండ్రి కోరుకున్నారట. టైఫాయిడ్ అంటే ఈరోజు మనకి వారం పది రోజుల మందుబిళ్ళలు. ఆ రోజుల్లో ఆ జబ్బుకి మందు లేదు. ఆ కొండల్లో డాక్టరు దొరకడమూ కష్టమే. ఇంట్లో చావు చూసినవాడికి డాక్టరు చదువు మీద పట్టుదల ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

గౌహతి కాటన్ కాలేజీలో చదువుతూ అక్కడి మహారాణా క్లబ్బుకి ఆడారు. 1942లో కలకత్తా కార్మైకేల్ మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది. ఇప్పుడు దాన్నే ఆర్.జి. కర్ మెడికల్ కాలేజీ అంటున్నాం. మరుసటి ఏడు మోహన్ బగాన్ క్లబ్బు పిలిచి జట్టులో పెట్టుకుంది. మోహన్ బగాన్ అంటే సామాన్యం కాదు. 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే తెల్ల పటాలాన్ని ఐ.ఎఫ్.ఏ. షీల్డు ఫైనల్లో ఓడించిన జట్టు. అలాంటి జట్టుకి ఈ కొండజాతి కుర్రాడు తర్వాత కెప్టెన్ అయ్యాడు. పొద్దున్న అనాటమీ, సాయంత్రం మైదానం. హాఫ్ బ్యాక్‌గా ఆడేవారు. అంటే వెనక గోల్ కాపాడుకుంటూ, ముందుకి బంతి అందించే స్థానం. పేరు గోల్ కొట్టినవాడికి వస్తుంది, పని హాఫ్ బ్యాక్ చేస్తాడు. మా నర్సింగ్ అసిస్టెంట్ల ఉద్యోగం లాంటిదే అనుకోండి.

ఆ రోజుల్లోనే ఆయన సొంత గడ్డ మీద రెండో ప్రపంచయుద్ధం వచ్చిపడింది. 1944 ఏప్రిల్ నుంచి జూన్ దాకా కొహిమాలో జపాన్ సేనతో జరిగిన పోరు మనందరికీ క్లాసులో చెప్పినదే. డిప్యూటీ కమిషనర్ బంగ్లా టెన్నిస్ కోర్టుకి అటు ఒకరు ఇటు ఒకరు కందకాలు తవ్వుకుని కొట్టుకున్న చోటు. ఇప్పుడు అక్కడ వార్ సెమెట్రీ ఉంది. దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లతో ఒక స్మారకం కూడా ఉంది. నేను వెళ్ళినప్పుడు ఆ పేర్లన్నీ నిలబడి చదివాను. గాయపడ్డవాళ్ళని వీపు మీద, డోలీ మీద మోసుకుని కొండలు దింపినవాళ్ళలో నాగా కూలీలు ఎందరో. స్ట్రెచర్ మోసిన అనుభవం ఉన్నవాడిగా చెబుతున్నాను, ఆ కొండల్లో స్ట్రెచర్ మొయ్యడం మాటలు కాదు.

ఆ తర్వాత దేశానికి స్వతంత్రం వచ్చింది. 1948 లండన్ ఒలింపిక్స్. జూలై 29న వెంబ్లీలో ప్రారంభోత్సవం. స్వతంత్రం వచ్చి అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు. మువ్వన్నెల జెండా పట్టుకుని భారత బృందం ముందు నడిచింది 30 ఏళ్ళ తాలిమెరెన్ ఆవ్. గావ్‌బుఢా నాకు చెప్పింది ఈ మాటే.

దీని బరువు ఎంతో తెలియాలంటే ఇంకో సంగతి గుర్తుచేసుకోవాలి. 1947 ఆగస్టు 14న, అంటే మన స్వాతంత్ర్యానికి ఒక్క రోజు ముందు, నాగా నేషనల్ కౌన్సిల్ తమకి వేరే దేశమని ప్రకటించింది. సరిగ్గా ఆ తర్వాతి సంవత్సరమే ఒక నాగా యువకుడు మన జెండా పట్టుకుని ప్రపంచం ముందు నడిచాడు. ఒక ఇంట్లో అన్నదమ్ములు పొలం పంచాలా వద్దా అని వాదులాడుకుంటుంటే, ఒక కొడుకు మాత్రం ఇంటి పరువు భుజాన వేసుకుని బయటికి నడిచినట్టు. ఆయన దాని మీద ఏం ఆలోచించారో నేను చెప్పలేను. జెండా మాత్రం మోశారు.

రెండు రోజుల తర్వాత, జూలై 31న, ఇల్‌ఫర్డ్‌లో క్రికిల్‌ఫీల్డ్ మైదానం. ఎదుటి జట్టు ఫ్రాన్స్. మనవాళ్ళలో ఎక్కువమంది పాదాలకి పట్టీలు చుట్టుకుని ఆడారు. మొదట ఫ్రాన్స్ గోల్ చేసింది. రెండో సగంలో సారంగపాణి రామన్ సమం చేశాడు. స్వతంత్ర భారతానికి ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అదే తొలి గోల్. మనకి రెండు పెనాల్టీలు దొరికాయి. రెండూ పోయాయి. ఆట ముగియబోతుండగా ఫ్రాన్స్ ఇంకోటి కొట్టి 2-1తో గెలిచింది. ఆ రెండు పెనాల్టీల్లో ఒక్కటి పడి ఉంటేనా అని ఇప్పటికీ ముసలి ఆటగాళ్ళు తల కొట్టుకుంటారు. అయినా ఇంగ్లీషు జనం లేచి చప్పట్లు కొట్టారు. ఓడిన జట్టుకి అంత గౌరవం దక్కడం అరుదు.

బూట్లు లేకుండా ఎందుకు ఆడతారని విలేకరి అడిగితే, పాదంతో ఆడేదే కదా ఫుట్‌బాల్, మీరు ఆడేది బూట్‌బాల్ అని ఈయన చమత్కరించారని చెప్పుకుంటారు. చమత్కారం బాగుంది. కానీ 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాక మన ఫుట్‌బాల్ పెద్దలు బూట్లు తప్పనిసరి చేశారు. అందుకే సూరత్ పిల్లాడికి నేను బూట్లు అక్కర్లేదని చెప్పలేదు. బూట్లు వచ్చేదాకా ఆట ఆపకురా అని మాత్రం చెప్పాను.

ఇంగ్లండులో ఆర్సెనల్ అనే పెద్ద క్లబ్బు ఆయన్ని తమకి ఆడమని అడిగిందనీ, చదువు పూర్తిచెయ్యాలని ఆయన ఒప్పుకోలేదనీ కూడా చెబుతారు. అది ఎలా ఉన్నా, ఆయన తిరిగి వచ్చి పుస్తకాల ముందు కూర్చున్నది మాత్రం ఖాయం. 1950లో ఎం.బి.బి.ఎస్. పాసయ్యారు. డిబ్రూగఢ్‌లోని అస్సాం మెడికల్ కాలేజీలో చెవి, ముక్కు, గొంతు విభాగంలో రిజిస్ట్రారుగా చేశారు. 1953లో కొహిమా ఆస్పత్రికి అసిస్టెంట్ సివిల్ సర్జన్‌గా వచ్చారు. తండ్రి పోయిన 18 ఏళ్ళకి డాక్టరుగా సొంత కొండలకి తిరిగి వచ్చారన్నమాట.

ఇక్కడ ఒక మాట. ఆటగాళ్ళు సైనిక వైద్యులైన కథలు ప్రపంచంలో ఉన్నాయి. వేల్స్ దేశానికి చెందిన రాబర్ట్ మిల్స్ రాబర్ట్స్ అనే గోల్‌కీపర్ ప్రెస్టన్ జట్టు 1889లో ఇంగ్లండు ఎఫ్.ఏ. కప్పు గెలిచినప్పుడు గోల్‌లో నిలబడ్డాడు. ఆ ఏడు కప్పు పోటీల్లో ఆ జట్టు ఒక్క గోలూ ఇవ్వలేదు. ఆయన పలకరాయి గనుల ఆస్పత్రిలో సర్జనుగా పనిచేసి, బోయర్ యుద్ధంలోనూ మొదటి ప్రపంచయుద్ధంలోనూ సైనిక వైద్యుడయ్యాడు. మనం ఉంటున్న గుజరాత్‌కీ ఇలాంటి లంకె ఒకటుంది. 1873 మార్చి 8న ఇంగ్లండు, స్కాట్లండు మ్యాచిలో అధికారిక అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో మొట్టమొదటి గోల్ కొట్టిన విలియం కెన్యన్ స్లేనీ పుట్టింది రాజ్‌కోట్‌లో. ఆయన గ్రెనేడియర్ గార్డ్స్‌లో ఆఫీసరు. మన దేశంలోనూ ఈ ఆటని నాటినవి పటాలాలే. 1888లో సిమ్లాలో మొదలైన డ్యూరాండ్ కప్పు అందుకు సాక్ష్యం.

వాళ్ళందరూ యూనిఫారం వేసుకుని యుద్ధానికి వెళ్ళినవాళ్ళు. డాక్టర్ ఆవ్ తన ఊరికి వెళితే యుద్ధమే ఊళ్ళోకి వచ్చింది. 1956లో నాగా కొండల్లోకి సైన్యం దిగింది. 1958లో సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టం వచ్చింది. 1963 డిసెంబరు 1న నాగాలాండ్ రాష్ట్రం ఏర్పడింది. 1964లో కాల్పుల విరమణ, 1975లో షిల్లాంగ్ ఒప్పందం, ఆ తర్వాత మళ్ళీ తుపాకులు. ఆ కాలంలో సగానికి పైగా ఆయన ప్రభుత్వ డాక్టరు. పైకి ఎదిగి నాగాలాండ్ ఆరోగ్య శాఖ డైరెక్టరై 1978లో రిటైరయ్యారు. కలకత్తాలో ప్రాక్టీసు పెట్టి ఉంటే మోహన్ బగాన్ కెప్టెన్ దగ్గరికి జనం క్యూ కట్టేవారు. ఆయన ఉన్నది అక్కడ కాదు.

మా కోర్‌లో మొదటి రోజే నేర్పే పాఠం ఒకటుంది. స్ట్రెచర్ మీద ఉన్నవాడు ఎవరని అడగకూడదు, గాయం ఎక్కడని అడగాలి. శత్రువైనా అంతే. యూనిఫారంలో ఉన్న మాకు ఈ పాఠం పాటించడం ఒక రకంగా సులువు. మా వెనక బెటాలియన్ ఉంటుంది, జెనీవా ఒప్పందం ఉంటుంది, భుజాన రెడ్ క్రాస్ ఉంటుంది. రెండు పక్షాల తుపాకుల మధ్య సొంత ఊళ్ళో ఉద్యోగం చేసే సివిల్ డాక్టరు వెనక ఏముంటుంది? అతని చేతిలో ఉన్న స్టెతస్కోపు ఒక్కటే. అందుకే ఆయన సైనిక వైద్యుడు కాకపోయినా, సైనిక వైద్యుడి కష్టం పడినవాడని నేను అంటాను.

1998 సెప్టెంబరు 13న, 80 ఏళ్ళ వయసులో ఆయన చనిపోయారు. కారణం మలేరియా. జీవితమంతా ఆ కొండల జబ్బులతో పనిచేసిన డాక్టరుని చివరికి ఒక దోమ తీసుకుపోయింది.

ఆ సెప్టెంబరులో నేను నాగాలాండ్‌లోనే ఉన్నాను. ఆ నెలంతా మాకు కూడా మలేరియాతోనే సరిపోయింది. సూర్యాస్తమయం కాగానే చొక్కా చేతులు దించాలి, నూనె రాసుకోవాలి, మచ్ఛర్‌దానీ కట్టాలి. మీ అందరికీ ఆ రోల్‌కాల్ గుర్తుండే ఉంటుంది. కట్టనివాణ్ణి నేనే పేరు రాసి ఇచ్చేవాణ్ణి, తిట్లూ తినేవాణ్ణి. ఇంకో విశేషం చూడండి. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో మొదటిసారి కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న, ఇండియన్ మెడికల్ సర్వీసులో సైనిక వైద్యుడైన రోనాల్డ్ రాస్ కనిపెట్టాడు. బేగంపేటలో ఆయన పేరున భవనం ఇప్పటికీ ఉంది. శత్రువు ఎవరో తెలిసి నూరేళ్ళు దాటినా మనం ఇంకా ఓడుతూనే ఉన్నాం. సూరత్‌లో వానాకాలం వస్తే మా వీధిలో ఇంటికొకరు జ్వరంతో పడుకుంటారు. డాక్టర్ ఆవ్ చేసినది ఈ యుద్ధం. దీనికి పతకాలు ఉండవు.

ఆయన పోయిన వార్త మాకు కొన్ని రోజుల తర్వాత తెలిసింది. అప్పటికి ఆయన ఎవరో నాకు తెలుసు. ఆ కొండ మీది ఊరికి మళ్ళీ వెళ్ళి ఆ గావ్‌బుఢాతో, "మీ వాడే కాదు బాబా, మా వాడు కూడా" అని ఒక్క మాట చెప్పి రావాలనుకున్నాను. గట్టిగా అడిగి ఉంటే పార్టీతో పంపేవారే. ఇవాళ రేపు అనుకుంటుండగా పోస్టింగ్ ఆర్డరు వచ్చేసింది. 28 ఏళ్ళ సర్వీసులో నేను వెయ్యని సెల్యూట్ ఇదొక్కటే అనిపిస్తుంది. ఈ వ్యాసం దానికి బదులు.

చెప్పొచ్చేదేమిటంటే, మనం ఎక్కడ పనిచేసినా అక్కడి శిఖరాల ఎత్తులు, నాలాల పేర్లు రాసుకున్నాం. అక్కడి మంచి మనుషుల పేర్లు ఎందరం రాసుకున్నాం? కాశ్మీరులోనూ, మణిపూర్‌లోనూ, నాగా కొండల్లోనూ పనిచేసిన మిత్రులు మనలో వందలమంది ఉన్నారు. ఒక్కొక్కరూ ఒక్కొక్క పేరు తెచ్చి ఈ సంచికలో రాస్తే ఎంత బాగుంటుంది! ఇప్పుడు సర్వీసులో ఉన్న పిల్లలకి నా మనవి ఒకటే. ఆ కొండల్లో డ్యూటీ పడితే, ఊరి ఫుట్‌బాల్ గ్రౌండు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అక్కడ ఆడే కుర్రాళ్ళతో డాక్టర్ టి. ఆవ్ పేరు ఎత్తండి. ఈశాన్యంలో ఆయన పేరున ఫుట్‌బాల్ పోటీ కూడా జరుగుతుంది. మీరు ఆ పేరు పలకగానే ఎదుటివాడి ముఖంలో మార్పు మీకే కనిపిస్తుంది. ఎన్ని పెట్రోళ్ళు తిరిగినా రాని చనువు ఆ ఒక్క పేరుతో వస్తుందని నా నమ్మకం.

మా లింబాయత్ పిల్లాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ ఆదివారం వాడు వట్టి కాళ్ళతోనే దిగాడు. ఎండకి నేల కాలుతోంది. నా దగ్గరున్న క్రేప్ బ్యాండేజీ తీసి, పాత ఉద్యోగం గుర్తుచేసుకుంటూ, వాడి రెండు పాదాలకీ చుట్టాను. ఆట అయ్యాక వాడు వచ్చి, "అంకుల్, ఆ కెప్టెన్ పేరు మళ్ళొక్కసారి చెప్పున్రి" అన్నాడు. చెప్పాను. రెండుసార్లు తప్పు పలికి మూడోసారి సరిగ్గా పలికాడు.

తాలిమెరెన్ ఆవ్.

జై హింద్.